వర్చువల్ మెషీన్‌లో డీస్పేస్: గోదావరి డెల్టా గ్రంథాలయాల వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

అమలాపురం నుంచి వచ్చినా, భీమవరం నుంచి వచ్చినా, నరసాపురం నుంచి వచ్చినా ఫోన్లో వినపడే ప్రశ్నలు ఇంచుమించు ఒకటే. అడిగేవాళ్లు కాలేజీ లైబ్రేరియన్లు, శాఖా గ్రంథాలయాల్లో పనిచేసేవాళ్లు, ఇంట్లో తాతగారి పుస్తకాల బీరువా మిగిలినవాళ్లు. ఒక్కొక్కరికీ చెప్పినవన్నీ ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

డీస్పేస్ అంటే పుస్తకాల డిజిటల్ ప్రతుల్ని వివరాలతో సహా దాచి, వెతికి చూపించే సాఫ్ట్‌వేర్. ఇక్కడి జవాబులు డీస్పేస్ 8, ఉబుంటు 24.04 (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్), వర్చువల్‌బాక్స్ (వర్చువల్ మెషీన్‌ని నడిపే ప్రోగ్రామ్)ను దృష్టిలో పెట్టుకుని రాసినవి. కమాండ్ల పేర్లు పలికినట్టే తెలుగులో రాశాను. మీరు టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలి.

## మొదలుపెట్టే ముందు

మా పీడీఎఫ్‌లన్నీ గూగుల్ డ్రైవ్‌లో ఉన్నాయి కదా. మళ్లీ ఈ డీస్పేస్ ఎందుకండీ?

డ్రైవ్ ఫైలును దాస్తుంది, అంతే. ఆ పుస్తకం ఎవరు రాశారు, ఏ ఊళ్లో ఏ ముద్రాక్షరశాలలో అచ్చయింది, ఎన్నో కూర్పు, మీ గ్రంథాలయంలో దాని ప్రవేశ సంఖ్య ఎంత అన్నది ఫైలు పేరులో ఇరికించలేం. డీస్పేస్ ప్రతి పుస్తకానికీ ఒక వివరాల పత్రం రాసి, దానికి మారని చిరునామా ఇస్తుంది. 2002లో ఎంఐటీ గ్రంథాలయాలూ హ్యూలెట్ ప్యాకర్డ్ పరిశోధనశాలా కలిసి దీన్ని విడుదల చేశాయి. ఓపెన్ సోర్స్ కాబట్టి పైసా కట్టనక్కర్లేదు. మన దేశంలో పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు దొరికే శోధ్‌గంగ నడిచేది కూడా దీనిమీదే.

నేరుగా కంప్యూటర్‌లోనే వేసుకుంటే పోలేదా? మధ్యలో వర్చువల్ మెషీన్ ఎందుకు?

చిన్న గ్రంథాలయంలో ఉండే ఒక్క కంప్యూటర్ మీదే చందాల లెక్కలు, ఉత్తరాలు, నెలవారీ నివేదికలు అన్నీ నడుస్తాయి. డీస్పేస్ ఒక్క ప్రోగ్రామ్ కాదు. జావా, పోస్ట్‌గ్రెస్ (వివరాలు దాచే డేటాబేస్), సోలర్ (వెతికిపెట్టేది), టామ్‌క్యాట్ (వెనక సర్వర్‌ని నడిపేది), నోడ్ (పేజీలు చూపించేది) అన్నీ కలిసి పనిచేస్తేనే అది లేస్తుంది. నేర్చుకునే రోజుల్లో వీటిలో ఏదో ఒకటి తప్పకుండా చెడుతుంది. వర్చువల్ మెషీన్ అంటే కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్. లోపలిది పాడైనా బయటిదానికి ఏమీ కాదు, లోపలిదాన్ని నిన్నటి స్థితికి తిప్పుకోవచ్చు. భయం లేకుండా ప్రయోగం చేయగలిగితేనే పని వస్తుంది, అందుకే నేను అందరికీ ఇక్కడి నుంచే మొదలుపెట్టమంటాను.

మా దగ్గర ఉన్న కంప్యూటర్ సరిపోతుందా?

16 జీబీ ర్యామ్ ఉంటే నిశ్చింతగా మొదలుపెట్టండి, అందులో 8 జీబీ వర్చువల్ మెషీన్‌కి ఇవ్వొచ్చు. 8 జీబీయే ఉంటే లోపలికి 4 జీబీకి మించి ఇవ్వలేరు. నడుస్తుంది గానీ చాలా నెమ్మది, పైగా ఫ్రంటెండ్ (పాఠకుడు చూసే పేజీల భాగం) బిల్డ్ దగ్గర ఆగిపోవచ్చు. డబ్బు పెట్టే వీలుంటే కొత్త కంప్యూటర్ కన్నా ముందు ర్యామ్ పెంచండి. హార్డ్ డిస్క్ బదులు ఎస్‌ఎస్‌డీ ఉంటే తేడా మొదటి గంటలోనే తెలుస్తుంది.

ఏ పుస్తకాలు అందరికీ తెరిచి పెట్టొచ్చు? కాపీరైట్ అంటే టెన్షన్‌గా ఉంది.

మన చట్టంలో రచయిత పోయిన ఏడాది తర్వాత ఏడాది నుంచి లెక్కేసి 60 ఏళ్లు హక్కు ఉంటుంది. కందుకూరి వీరేశలింగం గారు 1919లో పోయారు, కాబట్టి ఆయన రచనలకు ఇబ్బంది లేదు. శ్రీపాద సుబ్రహ్మణ్య శాస్త్రి గారు 1961లో పోయారు. ఆయన రచనల మీద హక్కు 2021 చివరితో తీరిపోయింది. పేరు లేకుండా వచ్చిన పుస్తకాలకూ ప్రభుత్వ ప్రచురణలకూ అచ్చయిన ఏడాది నుంచి లెక్క. అయితే పాత రచనకి కొత్తగా ఎవరైనా పీఠిక రాసినా, వ్యాఖ్య రాసినా ఆ భాగానికి హక్కు వేరే ఉంటుంది. అందుకని పాత కూర్పునే స్కాన్ చేయండి. హక్కు ఇంకా ఉన్న పుస్తకమైతే వివరాలు మాత్రం అందరికీ కనపడేలా పెట్టి, ఫైలుని మీ సభ్యుల గుంపుకే పరిమితం చేయొచ్చు. డీస్పేస్‌లో ఫైలు ఫైలుకీ విడిగా అనుమతి ఇవ్వవచ్చు.

## వర్చువల్ మెషీన్ తయారీ

ర్యామ్, డిస్కు, ప్రాసెసర్ ఎంతెంత ఇవ్వాలి?

ర్యామ్ 8 జీబీ, ప్రాసెసర్లు 2 నుంచి 4, డిస్కు 60 జీబీ. డిస్కుని డైనమిక్ రకంగా పెట్టండి, వాడినంతే చోటు తీసుకుంటుంది. పుస్తకాల ఫైళ్ల కోసం రెండో వర్చువల్ డిస్కు విడిగా తగిలించండి. సాఫ్ట్‌వేర్ ఉన్న డిస్కు నిండిపోతే పోస్ట్‌గ్రెస్ ఆగిపోతుంది, పుస్తకాలు వేరే డిస్కులో ఉంటే ఆ చిక్కు రాదు.

మెషీన్ మరీ నత్తనడకగా ఉంది. కింద మూల తాబేలు బొమ్మ కనపడుతోంది, ఏంటది?

ఆ బొమ్మని చూశారంటే సగం కారణం దొరికినట్టే. విండోస్‌లో హైపర్-వీ నడుస్తున్నప్పుడు వర్చువల్‌బాక్స్ ప్రాసెసర్‌ని నేరుగా వాడుకోలేదు, దానికి గుర్తుగా కిటికీ కింది పట్టీలో ఆకుపచ్చ తాబేలు వస్తుంది. విండోస్ ఫీచర్లలో హైపర్-వీ, వర్చువల్ మెషీన్ ప్లాట్‌ఫామ్, సెక్యూరిటీలో మెమరీ ఇంటెగ్రిటీ ఆపి రీస్టార్ట్ చేయండి. అసలు 64 బిట్ ఉబుంటు ఎంచుకోవడానికే రాకపోతే బయోస్‌లో వర్చువలైజేషన్ ఆపి ఉందని అర్థం. ఇంటెల్ అయితే వీటీ-ఎక్స్, ఏఎండీ అయితే ఎస్‌వీఎమ్ అనే పేరుతో ఉంటుంది.

నెట్‌వర్క్‌లో నాట్ పెట్టాలా, బ్రిడ్జ్‌డ్ పెట్టాలా?

నాట్ అంటే మెషీన్ మీ కంప్యూటర్ చాటున ఉండి దాని ఇంటర్నెట్‌నే వాడుకోవడం. నేర్చుకునే దశలో అదే పెట్టి పోర్ట్ ఫార్వార్డింగ్ (బయటి దారిని లోపలికి కలపడం) చేయండి. బయటి 4000ని లోపలి 4000కి, బయటి 8080ని లోపలి 8080కి కలపండి. మొదటిది పాఠకుడు చూసే పేజీలది, రెండోది వెనక పనిచేసే సర్వర్‌ది. రెండు వైపులా అంకె ఒకటే ఉండాలి. అప్పుడే లోకల్‌హోస్ట్ (ఈ కంప్యూటరే అని అర్థం) అనే చిరునామా లోపలా బయటా ఒకేలా పనిచేస్తుంది. బ్రిడ్జ్‌డ్ పెడితే మెషీన్‌కి రూటర్ నుంచి వేరే ఐపీ వస్తుంది. రూటర్ ఆగి మళ్లీ వెలిగినప్పుడు ఆ ఐపీ మారిపోయి, నిన్న తెరుచుకున్న సైట్ ఇవాళ తెరుచుకోదు. కరెంటు ఎక్కువగా పోయే ఊళ్లలో ఇది వారానికోసారి వచ్చే గొడవ.

ఉబుంటు డెస్క్‌టాప్ వేసుకోవచ్చా? నల్ల తెర చూస్తే భయం.

వేసుకోండి. 1 జీబీ దాకా ర్యామ్ ఎక్కువ తింటుంది, అంతకన్నా నష్టం లేదు. అలవాటయ్యాక సర్వర్ రకానికి మారొచ్చు.

## డీస్పేస్ ఎక్కించేటప్పుడు

ఏది ముందు వేయాలి, ఏది తర్వాత?

జావా 17, పోస్ట్‌గ్రెస్, సోలర్ 8.11, టామ్‌క్యాట్ 10, ఆ తర్వాత మేవెన్, యాంట్ (సోర్స్ నుంచి ప్రోగ్రామ్‌ని కట్టి ఎక్కించే పనిముట్లు). ఇక్కడిదాకా వచ్చాక డీస్పేస్ సోర్స్ తెచ్చి, లోకల్ డాట్ సీఎఫ్‌జీ ఫైలులో చిరునామాలూ డేటాబేస్ పాస్‌వర్డూ రాసి, మేవెన్‌తో బిల్డ్ చేసి, యాంట్‌తో ఫ్రెష్ ఇన్‌స్టాల్ చేస్తారు. తర్వాత సోలర్ కోర్‌లను (వెతుకులాట సూచికల ఫోల్డర్లు) సోలర్ ఫోల్డర్‌లోకి కాపీ చేయడం, డేటాబేస్ మైగ్రేట్, క్రియేట్ అడ్మినిస్ట్రేటర్. చివరికి నోడ్ 18 గానీ 20 గానీ వేసి ఫ్రంటెండ్. ఒక్కో మెట్టు దాటాక స్నాప్‌షాట్ (మెషీన్ అప్పటి స్థితిని దాచుకోవడం) తీసి దానికి అర్థమయ్యే పేరు పెట్టండి, "పోస్ట్‌గ్రెస్ అయింది" అన్నట్టు. మేవెన్ మొదటిసారి ఇంటర్నెట్ నుంచి చాలా ఫైళ్లు దించుకుంటుంది. ఫోన్ హాట్‌స్పాట్ మీద ఆ పని పెట్టుకోకండి.

పాత వీడియో చూసి టామ్‌క్యాట్ 9 వేశాను. సైట్ రావడం లేదు.

రాదు. డీస్పేస్ 7కి టామ్‌క్యాట్ 9, డీస్పేస్ 8కి టామ్‌క్యాట్ 10.1. ఈ రెండు టామ్‌క్యాట్‌ల మధ్య జావా లైబ్రరీల పేర్లే మారిపోయాయి, అందుకే ఒకదానికి రాసింది ఇంకోదానిలో లేవదు. ఉబుంటు 24.04తో వచ్చేది 10.1 కాబట్టి దాన్నే వాడండి.

డేటాబేస్ మైగ్రేట్ కొట్టగానే పీజీక్రిప్టో లేదు అంటోంది.

పీజీక్రిప్టో అనేది పోస్ట్‌గ్రెస్‌కి చేర్చే ఎక్స్‌టెన్షన్. దాన్ని డీస్పేస్ యూజర్‌గా కాకుండా పోస్ట్‌గ్రెస్ ప్రధాన యూజర్‌గా లాగిన్ అయి చేర్చండి. అదీ డీస్పేస్ డేటాబేస్ లోపలికి వెళ్లి చేర్చాలి, చాలామంది వేరే డేటాబేస్‌లో చేర్చి ఎందుకు రాలేదా అని చూస్తుంటారు. ఆ డేటాబేస్‌ని తయారుచేసేటప్పుడే ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని చెప్పండి. తెలుగు పేర్లు నిలవాలంటే అది తప్పనిసరి.

ఫోల్డర్ టామ్‌క్యాట్ యూజర్ పేరు మీదే ఉంది. అయినా రాయడానికి వీల్లేదంటోంది. ఏం చేయాలి?

ఇక్కడ నేను ఒక రోజంతా పోగొట్టుకున్నాను, అందుకే వివరంగా చెబుతున్నాను. ఉబుంటు ప్యాకేజీ నుంచి వేసిన టామ్‌క్యాట్‌ని సిస్టమ్‌డీ (ఉబుంటులో సర్వీసుల్ని నడిపే భాగం) ఒక గదిలో పెట్టి తాళం వేసినట్టు నడుపుతుంది. ఫోల్డర్ యజమాని టామ్‌క్యాటే అయినా, గది బయట రాయనివ్వదు. టామ్‌క్యాట్ సర్వీస్‌కి ఒక ఓవర్‌రైడ్ ఫైలు పెట్టి, అందులో రీడ్‌రైట్‌పాత్స్ అనే వరుసలో డీస్పేస్ ఫోల్డర్ దారి రాయాలి. పుస్తకాల ఫైళ్లు రెండో డిస్కులో ఉంటే దాని దారి కూడా రాయాలి. తర్వాత డీమన్ రీలోడ్ చేసి టామ్‌క్యాట్ రీస్టార్ట్ చేయండి. విసిగిపోయి ఫోల్డర్‌కి 777 అనుమతి ఇస్తే తాళం తెరుచుకోదు, ఫోల్డర్‌కి భద్రత మాత్రం పోతుంది.

ఫ్రంటెండ్ బిల్డ్ సగంలో "హీప్ అవుట్ ఆఫ్ మెమరీ" అని చచ్చిపోతోంది.

నోడ్‌కి ఇచ్చిన జ్ఞాపకం చాలలేదు. నోడ్ ఆప్షన్స్‌లో మ్యాక్స్ ఓల్డ్ స్పేస్ సైజ్ 4096 అని పెట్టి మళ్లీ బిల్డ్ చేయండి. ర్యామ్ తక్కువ ఉన్న మెషీన్ అయితే బిల్డ్ అయ్యేదాకా సోలర్, టామ్‌క్యాట్ ఆపేసి, 4 జీబీ స్వాప్ ఫైలు పెట్టుకోండి.

పేజీ తెరిస్తే 500 సర్వీస్ అన్‌అవైలబుల్ అని వస్తోంది.

ఫ్రంటెండ్ లేచింది గానీ వెనక సర్వర్ దానికి దొరకలేదు. ముందు 8080 పోర్ట్ మీద సర్వర్ అనే దారిని బ్రౌజర్‌లో నేరుగా తెరవండి. అదే రాకపోతే తప్పు టామ్‌క్యాట్ వైపు ఉంది, లాగ్ ఫోల్డర్ చూడండి. అది వస్తే ఫ్రంటెండ్ కాన్ఫిగ్ ఫైలులో రెస్ట్ చిరునామా తప్పు రాశారు. పోర్ట్ అంకె, చివర సర్వర్ అనే మాట, ఎస్‌ఎస్‌ఎల్ ఉందా లేదా అన్న మూడూ సరిచూసుకోండి.

నా కంప్యూటర్‌లో లాగిన్ అవుతోంది. పక్క గదిలో కంప్యూటర్ నుంచి పేజీ కనపడుతుంది గానీ లాగిన్ అవ్వదు.

డీస్పేస్ లాగిన్ మామూలు హెచ్‌టీటీపీ మీద లోకల్‌హోస్ట్‌లోనే పనిచేస్తుంది. వేరే కంప్యూటర్ నుంచి లాగిన్ కావాలంటే హెచ్‌టీటీపీఎస్ ఉండాలి. అంటే ముందు ఎన్‌జింక్స్ అనే వెబ్ సర్వర్‌ని పెట్టి, దానికి సర్టిఫికెట్ ఇచ్చి, లోకల్ డాట్ సీఎఫ్‌జీలో పేజీల చిరునామా, సర్వర్ చిరునామా రెండూ కొత్త పేరుతో మార్చాలి. మీరే చేసుకున్న సర్టిఫికెట్ అయితే నోడ్ దాన్ని నమ్మదు, నమ్మమని విడిగా చెప్పాలి. నేర్చుకునే దశలో ఇంత శ్రమ వద్దు, ఎక్కించే పనంతా ఒక్క కంప్యూటర్ మీదే చేసుకోండి.

## తెలుగు, పేర్లు, వెతుకులాట

"ధవళేశ్వరం" అని కొడితే ఒక్కటీ రాలేదు. ఆనకట్ట మీద పుస్తకాలు నాలుగు ఎక్కించాను కదా!

మీ పుస్తకాల ముఖపత్రాలు ఒకసారి చూడండి. పాత పుస్తకాల్లో "ధవళేశ్వరము" అని ఉంటుంది, కొన్నిట్లో "ధవళేశ్వరపు ఆనకట్ట" అని ఉంటుంది. డీస్పేస్ వెనక ఉన్న సోలర్ ఇంగ్లీషు మాటల తోకలు కోస్తుంది గానీ తెలుగు విభక్తులు కోయడం దానికి తెలీదు. "ధవళేశ్వరంలో" అన్నా దానికి వేరే మాటే. చివర నక్షత్రం గుర్తు పెట్టి "ధవళేశ్వర*" అని వెతికితే అన్నీ వస్తాయి గానీ, మీ పాఠకుడికి ఆ సంగతి తెలీదు. అందుకని శీర్షికను ముఖపత్రం మీద ఉన్నట్టే రాసి, ప్రత్యామ్నాయ శీర్షిక గడిలో ఇప్పటి రూపం కూడా రాయండి. విషయం గడిలో ధవళేశ్వరం, ఆనకట్ట, కాటన్, గోదావరి కాలువలు అని నాలుగు మాటలు చేర్చండి. ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఆ కాలం మీద పరిశోధన చేసే విద్యార్థికి మీ పుస్తకం దొరకడం ఈ నాలుగు మాటల మీదే ఆధారపడి ఉంటుంది.

రచయితల జాబితాలో ఒకే మనిషి మూడుసార్లు కనపడుతున్నారు.

సుబ్రహ్మణ్య శాస్త్రి, సుబ్రహ్మణ్యశాస్త్రి, సుబ్రహ్మణ్య శాస్త్రిగారు. మనకి ఒకరే, డీస్పేస్‌కి ముగ్గురు. ఎక్కించడం మొదలుపెట్టకముందే ఒక నోట్‌బుక్‌లో పేర్ల పట్టీ రాసుకోండి. ఇంటిపేరు ముందా వెనకా, ఖాళీ ఎక్కడ, గారు ఉండాలా వద్దా అని తేల్చుకుని అందరూ అదే కొట్టాలి. తప్పులు అప్పటికే పడిపోతే మెటాడేటాని (పుస్తకాల వివరాలని) సీఎస్‌వీ అనే పట్టిక ఫైలుగా దించి, సరిచేసి, మళ్లీ ఎక్కించొచ్చు.

జిల్లా ఏమని రాయాలి? అమలాపురం ఇప్పుడు కోనసీమ జిల్లా కదా?

2022 ఏప్రిల్ 4 నుంచి అంతే. దానికి ముందు తూర్పు గోదావరి. ఇంకా వెనక్కి వెళ్తే, 1925 దాకా ఉన్న పేరు ఉత్త గోదావరి జిల్లా. భీమవరం, తణుకు తాలూకాలైతే 1904 నుంచి 1925 వరకు కృష్ణా జిల్లాలో ఉండేవి. 1912లో భీమవరంలో అచ్చయిన పుస్తకం మీద "కృష్ణా జిల్లా" అని చూసి తప్పనుకుని కొట్టేయకండి. ప్రచురణ గడిలో పుస్తకం మీద ఉన్నదే ఉంచండి, ప్రాంతం గడిలో ఇప్పటి ఊరు, ఇప్పటి జిల్లా రాయండి. రాజమండ్రి, రాజమహేంద్రవరం రెండూ రాయండి, వెతికేవాళ్లు రెండూ కొడతారు.

పీడీఎఫ్‌లో తెలుగు చక్కగా కనపడుతోంది, కానీ లోపలి మాట వెతికితే దొరకదు.

రెండు కారణాల్లో ఒకటి. స్కాన్ చేసిన పీడీఎఫ్ అయితే అందులో ఉన్నది బొమ్మ, అక్షరాలు కాదు. టెసరాక్ట్ అనే ఉచిత ఓసీఆర్‌కి (బొమ్మలోని అక్షరాలు చదివే ప్రోగ్రామ్‌కి) తెలుగు డేటా ఉంది, దాంతో బొమ్మ వెనక అక్షరాల పొర పెట్టి తర్వాత ఎక్కించండి. పాత అచ్చులో తప్పులు చాలా వస్తాయి, అయినా వెతుకులాటకి ఎంతో కొంత పనికొస్తుంది. రెండో కారణం డీటీపీ నాటి అను ఫాంట్లు. చూపుకి తెలుగే, లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. యూనికోడ్‌లోకి మార్చితే తప్ప వాటిని ఏ యంత్రమూ చదవలేదు.

ఎక్సెల్ నుంచి ఎక్కిస్తే తెలుగంతా ప్రశ్నార్థకాలు అయిపోయింది.

సీఎస్‌వీగా దాచేటప్పుడు మామూలు రకం ఎంచుకున్నారు. లిబ్రెఆఫీస్ కాల్క్‌లో తెరిచి యూటీఎఫ్-8 అని ఎంచుకుని దాచండి. ప్రశ్నార్థకాలుగా దాచుకున్న ఫైలులోంచి తెలుగు మళ్లీ రాదు, అసలు ఎక్సెల్ ఫైలు నుంచే మళ్లీ చేయాలి.

## పుస్తకాలు ఎక్కించేటప్పుడు

ఎంత నాణ్యతతో స్కాన్ చేయాలి? చోటు ఎంత పడుతుంది?

300 డీపీఐ, రంగుల్లో. ఎ4 పుట ఒకటి కుదించకుండా దాస్తే దాదాపు 26 ఎంబీ. 200 పుటలకి 5 జీబీ పైమాటే. డెమీ సైజు పుస్తకానికి అందులో సగం. ఈ టిఫ్ ఫైళ్లని బయటి డిస్కులో మూల ప్రతిగా ఉంచి, డీస్పేస్‌లోకి కుదించిన పీడీఎఫ్ ఎక్కించండి. నలుపు తెలుపులో చేస్తే చాలదా అని అడుగుతారు. మన పుస్తకాలకి చాలదు. గోదావరి గాలిలో చెమ్మకి కాగితం గోధుమ రంగు తిరిగి, మధ్యలో టీ చుక్క పడినట్టు వలయాలు వస్తాయి. నలుపు తెలుపులో ఆ వలయం నల్లమచ్చ అయి దాని కింది వత్తులు మాయమవుతాయి. రంగుల్లో తీస్తే అదే పుటలో మచ్చ వెనక అక్షరం కంటికి ఆనుతుంది. పుటలు అంటుకుపోయి ఉంటే బలవంతంగా లాగకండి. నీడలో, ఫ్యాను గాలికి ఒక రోజు ఉంచి, సన్నని వెదురుపుల్లతో అంచు నుంచి విడదీయండి.

కమ్యూనిటీ, కలెక్షన్ ఎలా విభజించుకోవాలి?

గదులూ బీరువాలూ అనుకోండి. కమ్యూనిటీ గది, కలెక్షన్ బీరువా, ఐటమ్ పుస్తకం. చిన్న గ్రంథాలయానికి పుస్తకాలు, పత్రికలు, రిజిస్టర్లు, ఛాయాచిత్రాలు అని నాలుగు కలెక్షన్లు చాలు. విషయాల వారీగా ముప్పై బీరువాలు పెట్టకండి, విషయం చెప్పడానికి మెటాడేటా ఉంది.

ఒకేసారి వంద పుస్తకాలు ఎక్కించే దారి ఉందా?

ఉంది. ఒక్కో పుస్తకానికి ఒక ఫోల్డర్, అందులో పీడీఎఫ్, వివరాల ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలు, ఫైళ్ల పేర్లు రాసిన కంటెంట్స్ ఫైలు. దీన్ని సింపుల్ ఆర్కైవ్ ఫార్మాట్ అంటారు. ముందు మూడు పుస్తకాలతో చేసి చూడండి. ఇంపోర్ట్ అయ్యాక వచ్చే మ్యాప్ ఫైలుని జాగ్రత్త చేయండి. ఏదైనా తేడా వస్తే ఆ వందనీ ఒకేసారి తీసేయడానికి అదే ఆధారం.

పెద్ద పీడీఎఫ్ ఎక్కిస్తే 413 అంటోంది.

ముందున్న ఎన్‌జింక్స్ మామూలుగా 1 ఎంబీకి మించి లోపలికి రానివ్వదు. క్లయింట్ మ్యాక్స్ బాడీ సైజ్‌ని 512 ఎంబీకి పెంచండి.

## పుస్తకాలు చేరాక

రోజూ స్నాప్‌షాట్ తీస్తున్నాను. బ్యాకప్ ఉన్నట్టే కదా?

లేదండీ. స్నాప్‌షాట్ ఉండేది అదే డిస్కులో. ఆ డిస్కు పోతే రెండూ పోతాయి. పైగా పాత స్నాప్‌షాట్‌కి వెనక్కి వెళ్తే ఆ తర్వాత ఎక్కించిన పుస్తకాలన్నీ తుడిచిపెట్టుకుపోతాయి.

బ్యాకప్ అంటే మూడు వస్తువులు. పోస్ట్‌గ్రెస్ డంప్ (డేటాబేస్ నకలు), అసెట్‌స్టోర్ ఫోల్డర్ (పుస్తకాల ఫైళ్లు ఉండేది), లోకల్ డాట్ సీఎఫ్‌జీతో పాటు కాన్ఫిగ్ ఫైళ్లు. నేను మొదట్లో డంప్ ఒక్కటే తీసుకునేవాణ్ణి. డిస్కు పోయినప్పుడు తిరిగి పెట్టి చూస్తే శీర్షికలు, రచయితలు అన్నీ వచ్చాయి, ఏ పుస్తకం నొక్కినా ఫైలు తెరుచుకోలేదు. రెండు వారాలు స్కాన్ చేసినవి మళ్లీ చేయాల్సి వచ్చింది. వాటిలో ఒక పుస్తకం పుటలు రెండోసారి తిప్పుతుంటే విరిగిపోయాయి. ఆ నష్టం పూడలేదు. అందుకే డంప్, అసెట్‌స్టోర్ ఒకే రాత్రి, ఒకదాని వెంట ఒకటి తీయమని ప్రతివాళ్లకీ చెబుతున్నాను. నెలకోసారి ఆ బ్యాకప్‌ని ఇంకో ఖాళీ వర్చువల్ మెషీన్‌లో పెట్టి, ఒక పుస్తకం తెరిచి చూడండి.

వెతుకులాట సూచికని ఇండెక్స్ డిస్కవరీ కమాండ్‌తో మళ్లీ కట్టుకోవచ్చు. ఎన్నిసార్లు చూశారన్న గణాంకాలు మాత్రం సోలర్‌లోనే ఉంటాయి, అవి కావాలంటే విడిగా ఎగుమతి చేసుకోవాలి.

అసెట్‌స్టోర్‌లో చూస్తే పేర్లన్నీ అంకెలే. నా పీడీఎఫ్‌లు ఏమయ్యాయి?

అవే మీ పీడీఎఫ్‌లు. డీస్పేస్ ప్రతి ఫైలుకీ పొడుగాటి అంకె ఇచ్చి, రెండేసి అంకెల ఫోల్డర్లలో మూడు అంతరాలుగా పెడుతుంది. ఏ అంకె ఏ పుస్తకమో డేటాబేస్‌కే తెలుసు. మీ చేత్తో పేర్లు మార్చినా, ఫోల్డర్లు కదిపినా ఆ లంకె తెగిపోతుంది.

వరదలు, తుఫాన్లు వచ్చే ఊరు మాది. ఏం జాగ్రత్త తీసుకోవాలి?

1986 ఆగస్టు వరదని, 1996 నవంబరు 6 తుఫానుని చూసినవాళ్లకి ఇది విడిగా చెప్పనక్కర్లేదు. బ్యాకప్ డిస్కు ఒకటి డెల్టా బయట ఉండాలి. హైదరాబాదులో మీ అబ్బాయి దగ్గరో, విశాఖలో స్నేహితుడి దగ్గరో పెట్టి మూడు నెలలకోసారి మార్చుకోండి. ఊళ్లో ఉంచుకునే బ్యాకప్ డిస్కు మేడ మీద గదిలో, గోడకి ఆనకుండా, సిలికా జెల్ పొట్లాలతో మూత గట్టిగా ఉన్న డబ్బాలో ఉండాలి. యూపీఎస్ కొనేటప్పుడు మెషీన్‌ని సవ్యంగా షట్‌డౌన్ చేసేందుకు పది నిమిషాలు నిలిచేది చూడండి. కరెంటు పోయిన ప్రతిసారీ దభాలున ఆగిపోతుంటే ఏదో ఒక రోజు వర్చువల్ డిస్కు ఫైలే పాడవుతుంది.

చిరునామాలో 123456789 అని వస్తోంది. దీన్ని పుస్తకాల మీద క్యూఆర్ కోడ్‌గా అంటించొచ్చా?

వద్దు. అది హ్యాండిల్ అనే వ్యవస్థలో పరీక్ష కోసం పెట్టే అంకె, ప్రపంచంలో డీస్పేస్ కొత్తగా వేసిన అందరికీ అదే వస్తుంది. సొంత ప్రిఫిక్స్ తీసుకుని, అప్‌డేట్ హ్యాండిల్ ప్రిఫిక్స్ కమాండ్‌తో మార్చాకే అచ్చు వేయండి.

నాకు బదిలీ అయితే తర్వాత వచ్చేవాళ్లకి ఏం అప్పగించాలి?

ఒక కాగితం, ఒక డిస్కు. వర్చువల్ మెషీన్‌ని ఓవీఏ ఫైలుగా ఎగుమతి చేస్తే డిస్కులో పట్టుకెళ్లి వర్చువల్‌బాక్స్ ఉన్న ఇంకో కంప్యూటర్‌లో తెరవొచ్చు. కాగితం మీద ఉబుంటు యూజర్, డీస్పేస్ అడ్మిన్ ఈమెయిల్, ప్రతి సాఫ్ట్‌వేర్ వెర్షన్, బ్యాకప్ డిస్కు ఎవరి దగ్గర ఉందో, పేర్ల పట్టీ నోట్‌బుక్ ఎక్కడ ఉందో రాసి, మూసిన కవర్లో పాస్‌వర్డులు పెట్టి, ప్రవేశ సంఖ్యల రిజిస్టర్ ఉన్న బీరువాలోనే ఉంచండి. అడ్మిన్ పాస్‌వర్డ్ మరిచిపోతే క్రియేట్ అడ్మినిస్ట్రేటర్ కమాండ్‌తో కొత్త అడ్మిన్‌ని చేసుకోవచ్చు, ఉబుంటు పాస్‌వర్డ్ పోతే కష్టం. కొత్తగా వచ్చినవాళ్లు మీ ఎదుట ఒక పుస్తకం మొదటి నుంచి చివరిదాకా ఎక్కించి, ఒక బ్యాకప్ తీసి, దాన్ని తెరిచి చూపించాకే తాళాలు ఇవ్వండి.